గోదావరి డెల్టాలో పాత కారు: మీటరు కన్నా ముందు బండి అడుగు చూడాలి

డెల్టాలో డబ్బు చేతికొచ్చే తేదీలు వేరు, బ్యాంకు అడిగే తేదీలు వేరు. సార్వా (వానాకాలం పంట) ధాన్యం డబ్బు సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా వస్తుంది, దాళ్వా (రెండో పంట) డబ్బు ఎండాకాలం చివర్లో. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువులు చేసేవాళ్ళకి పట్టుబడి అయితే తప్ప రూపాయి కనపడదు. కోనసీమలో కొబ్బరి తోట ఉన్నవాళ్ళు దింపుకీ దింపుకీ మధ్య ఎదురుచూడాల్సిందే. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అదే తేదీన ఖాతాలోంచి పోతుంది. రొయ్యకి వైరస్ తగిలిన నెలైనా, ధాన్యం తడిసి తేమ శాతం పేరుతో ధర తగ్గించిన నెలైనా ఆగదు. నెల జీతగాడికి సరిపోయే కారు అప్పు ఇలాంటి ఆదాయాలకి అంత తేలిగ్గా సరిపోదు. అందుకే ఇక్కడి చాలా కుటుంబాలకి ఆరేడేళ్ళ వయసున్న సెకండ్ హ్యాండ్ కారు కొని జాగ్రత్తగా నడుపుకోవడమే మంచి నిర్ణయం. కాకపోతే పాత కారు విషయంలో హైదరాబాదులో పనికొచ్చే లెక్కలన్నీ డెల్టాలో పనికిరావు. అక్కడ కారు తిరిగి తిరిగి అరుగుతుంది. ఇక్కడ ఇంటి ముందు నిలబడి, చెమ్మ పట్టి, ఉప్పు గాలికి తుప్పెక్కి పాడవుతుంది.

ముందు డబ్బు సంగతి. ఆన్‌రోడ్ 9.5 లక్షలు పడే చిన్న కారు తీసుకుందాం. 1.5 లక్షలు చేతినుంచి పెట్టి, మిగతా 8 లక్షలు 9.5 శాతం వడ్డీకి అప్పు చేస్తే అయిదేళ్ళ ఈఎంఐ సుమారు 16,800 రూపాయలు. వడ్డీయే 2 లక్షల 8 వేల దాకా అవుతుంది. భారంగా ఉందని ఏడేళ్ళకి పెంచుకుంటే ఈఎంఐ 13 వేల చిల్లరకి దిగుతుంది గానీ, వడ్డీ 3 లక్షలకి చేరుతుంది. ఈలోపు కారు విలువ కరిగిపోతూనే ఉంటుంది. బీమాకి వాడే తరుగుదల పట్టిక ప్రకారమే నాలుగేళ్ళు దాటిన కారు విలువలో సగం కొట్టేస్తారు. పైగా ఆన్‌రోడ్ ధరలో లైఫ్ ట్యాక్స్ కలిసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో కారు ధరని బట్టి అది 13 శాతం నుంచి మొదలై 18 శాతం దాకా పోతుంది. తర్వాత అమ్మేటప్పుడు ఆ పన్ను డబ్బు ఎవరూ విడిగా కట్టివ్వరు. ఇదే రాష్ట్రంలో రిజిస్టరైన సెకండ్ హ్యాండ్ బండికి మొదటి ఓనరే దాన్ని కట్టేసి ఉంటాడు.

ఇప్పుడు అయిదేళ్ళ మొత్తం ఖర్చు చూద్దాం. కొత్త కారుకి డౌన్ పేమెంటు, ఈఎంఐలు కలిపి 11.58 లక్షలు. బీమా, సర్వీసింగులకి ఏడాదికి 35 వేల చొప్పున 1.75 లక్షలు. అయిదేళ్ళ తర్వాత 5 లక్షలకి అమ్ముడైతే నికరంగా పోయింది 8.33 లక్షలు. పాత కారు 3.25 లక్షలకి రొక్కంగా కొని, కొన్న వెంటనే 50 వేలు పనులు చేయించి, ఏడాదికి 40 వేలు రిపేర్లకీ 8 వేలు బీమాకీ పెట్టి, చివర్లో 1.25 లక్షలకి అమ్మితే నికర ఖర్చు 4.9 లక్షలు. తేడా 3.43 లక్షలు, అంటే నెలకి 5,700 రూపాయలు. ధరలూ వడ్డీలూ మారితే ఈ అంకెలూ మారతాయి, ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవాల్సిందే. గమనించాల్సింది ఒకటుంది. పాత కారు కొంటే నెలకి 16,800 మిగులుతుందని చాలామంది అనుకుంటారు. అంత మిగలదు. మిగిలేది అందులో మూడోవంతు. అయితే ఆ మూడోవంతు కన్నా విలువైనది ఇంకొకటి దొరుకుతుంది: పంట పోయిన ఏడాది ఏ బ్యాంకుకీ సమాధానం చెప్పుకోనక్కర్లేదు. సస్పెన్షన్ పనిని పట్టుబడి దాకా వాయిదా వేయొచ్చు. ఈఎంఐని వేయలేం.

ఇదంతా రిపేర్ల డబ్బు విడిగా ఉంటేనే. పై లెక్క ప్రకారం రిపేర్లూ బీమా కలిపి నెలకి 4 వేలు. పోస్టాఫీసు ఆర్‌డీలో వేసినా, పంట డబ్బు వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా 48 వేలు పక్కన పెట్టినా సరే. ఈ డబ్బు లేకుండా పాత కారు కొన్నవాళ్ళే, ఏసీ కాయిల్ లీకైన రోజున ‘సెకండ్ హ్యాండ్ బండి కొని మోసపోయాం’ అని బాధపడతారు. ఎనిమిదేళ్ళ కారుకి ఏసీ కాయిల్ లీకవడం మోసం కాదు, రావాల్సిన ఖర్చే వచ్చింది.

పాత కారు కూడా అప్పు చేసి కొనేట్టయితే ఒక జాగ్రత్త. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు ఫ్లాట్ వడ్డీ చెబుతాయి. 3 లక్షలకి 9 శాతం ఫ్లాట్, మూడేళ్ళు అంటే వడ్డీ 81 వేలు, నెలకి 10,583. వినడానికి కొత్త కారు వడ్డీ కన్నా తక్కువలా ఉంటుంది. కానీ నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి 3 లక్షల మీదే వేస్తారు కాబట్టి నిజంగా పడే వడ్డీ 16 శాతం దాటుతుంది. ఈ రేటుకి అప్పు చేస్తే పాత కారు మీద వచ్చే లాభంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం, సెస్సుల నుంచి 18 శాతానికి తగ్గడంతో కొత్త, పాత కార్ల మధ్య ధరల దూరం కూడా తగ్గింది. ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లకి పైగా తిరిగేవాళ్ళు, రాత్రీ పగలూ కారు మీదే బతుకుతెరువు ఉన్నవాళ్ళు కొత్తది కొనుక్కోవడమే మంచిది. వారానికోసారి భీమవరమో అమలాపురమో వెళ్ళి, ఆసుపత్రి పనికి రాజమండ్రో కాకినాడో వెళ్ళి, పెళ్ళిళ్ళకీ పండక్కీ నాలుగు ఊళ్ళు తిరిగే ఇంటికి ఆ అవసరం లేదు.

ఉప్పు, చెమ్మ, తుప్పు

కారు కొనేవాళ్ళు మొదట మీటరు చూస్తారు. ‘అరవై వేలే తిరిగింది, షోరూం ట్రాక్ ఉంది’ అనగానే సగం బేరం అయిపోతుంది. మీటరు వెనక్కి తిప్పడం కష్టమైన పని కాదన్నది అలా ఉంచితే, ఆ అరవై వేలు నిజమే అయినా డెల్టాలో అది సగం సమాచారమే. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు పదేళ్ళు ఉన్న కారు, మీటరు ఎంత చూపించినా సరే, అడుగున ఏమైందో చూడాలి.

కారణం ఉప్పు. సముద్రపు గాలిలో వచ్చే సన్నటి ఉప్పు, ఉప్పునీటి చెరువుల పక్క రోడ్ల మీది బురద, రొయ్యల బండ్ల నుంచి కారే ఐసు నీళ్ళు, అన్నీ కలిసి బండి అడుగున పొరలా పేరుకుంటాయి. ఉప్పుకి గాలిలోని తేమని లాక్కునే గుణం ఉంది. వాన లేకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా ఆ పొర కింద ఇనుము తడిగానే ఉంటుంది. రాయలసీమలో పదిహేనేళ్ళు నడిచిన బండి అడుగు గట్టిగా ఉండి, ఇక్కడ ఎనిమిదేళ్ళ బండికి సైలెన్సరు చిల్లు పడిందంటే తేడా ఇదే.

నంబర్ ప్లేటు కొంత చెబుతుంది. ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి, ఏపీ 05 అంటే తూర్పు గోదావరి. అంటే బండి మొదటి రిజిస్ట్రేషన్ ఈ గాలిలోనే జరిగింది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక జిల్లా తెలియడం పోయింది. అప్పుడు ఆర్‌సీలో ఓనరు చిరునామా చూడాలి, సర్వీసు బిల్లులు ఏ ఊరివో చూడాలి. తెలంగాణ బండికి అడుగు బాగుండే అవకాశం ఎక్కువే, కానీ అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకోవాలి. ధర చవకగా కనిపించినా ఈ ఖర్చు కలిపి చూడాలి. ఢిల్లీ నుంచి వచ్చే బండ్లకీ ఇదే మాట. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ కార్ల మీద ఆంక్షలు రావడంతో ఆ వయసు దగ్గరపడ్డ కార్లు మిగతా రాష్ట్రాలకి చవకగా వస్తుంటాయి.

అడుగు చూడటానికి షోరూం అక్కర్లేదు. వాటర్ సర్వీసింగ్ చేసేచోట ర్యాంపు ఎక్కించి, ఒక టార్చి లైటు, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని అరగంట కింద నిలబడితే చాలు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రన్నింగ్ బోర్డుని స్క్రూడ్రైవరు పిడితో తడుతూ పోవాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట చప్పుడు మెత్తగా వస్తుంది. అక్కడ మొనతో కొద్దిగా నొక్కితే రేకు పొరలు పొరలుగా రాలుతుంది. తర్వాత ఇంజిన్ని మోసే క్రాస్ మెంబరు, సస్పెన్షన్ బిగించిన చోట్లు, బ్రేకు పైపులు చూడాలి. తలుపు తెరిచి కింది అంచున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడాలి. అవి మూసుకుంటే వాన నీళ్ళు తలుపులోనే నిలిచి లోపలినుంచి తింటాయి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టి చూడాలి. అడుగంతా కొత్తగా, నల్లగా కోటింగ్ వేసి మెరుస్తుంటే సంతోషపడకూడదు. అమ్మకానికి ముందు వేసిన కోటింగ్ కింద ఏముందో ఎవరికీ కనపడదు. ఆ బండి వదిలేయడమే మేలు.

తుప్పు ఎక్కడ పట్టిందన్నదే ముఖ్యం. సైలెన్సరు పోతే మార్చుకోవచ్చు. తలుపు అంచు పోతే టింకరింగ్ చేయించొచ్చు. రన్నింగ్ బోర్డు, క్రాస్ మెంబరు, సస్పెన్షన్ మౌంటింగులు తిన్నాయంటే ఇంజిన్ ఎంత స్మూత్‌గా ఉన్నా బేరం ఆడకూడదు, ఎందుకంటే గుద్దుకున్నప్పుడు లోపలివాళ్ళని కాపాడాల్సింది ఆ రేకులే.

నీళ్ళలో మునిగిన బండి ఇంకో రకం ప్రమాదం. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి పారినప్పుడు లంకలన్నీ మునిగాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలే రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మునిగిన బండ్లని ఎంత బాగా కడిగి, సీట్లు మార్చి అమ్మినా సీటు బెల్టు దొరికిపోతుంది. దాన్ని చివరికంటా బయటికి లాగి చూడాలి. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడు భాగంలో బురద చార ఉందంటే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలిసినట్టే. మ్యాట్ ఎత్తి కింద దూదిపొర వాసన చూడటం, డ్యాష్‌బోర్డు కింద స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడటం కూడా చెయ్యాలి.

నడుపుకునే పద్ధతి

కొన్నాక మొదటి నెలలోనే పెట్టాల్సిన ఖర్చు ఉంది: ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, కూలెంటు, బ్రేక్ ఆయిలు, అవసరమైతే టైర్లు, బ్యాటరీ. పాత ఓనరు ఎప్పుడు మార్చాడన్నది పట్టించుకోకుండా అన్నీ ఒకసారి మార్పిస్తే ఆ రోజు నుంచి లెక్క మన చేతిలో ఉంటుంది. టైర్లలో గాడి లోతు చూసి ‘డెబ్బై శాతం ఉన్నాయి’ అంటారు. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది; 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. తక్కువ తిరిగిన డెల్టా బండ్లకి గాడి అరగకుండానే రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తాయి. ఆరేళ్ళు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చేయాలి.

ఇంజిన్లో వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి కొనకముందే తెలుసుకోవాలి. మారుతి కె-సిరీస్ ఇంజిన్లకీ, స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్‌కీ చైను ఉంటుంది, చప్పుడు రానంతవరకు దాని జోలికి పోనక్కర్లేదు. ఆల్టో 800కీ, పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కీ బెల్టే. రబ్బరు బెల్టు చెప్పకుండా తెగుతుంది, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగి పెద్ద పనే పడుతుంది. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మారలేదనే అనుకుని ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి.

రేడియేటర్లో బోరు నీళ్ళు పోయడం ఇక్కడ బాగా అలవాటు. సముద్రానికి దగ్గరి మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ ఉప్పు అల్యూమినియం రేడియేటర్నీ, ఇంజిన్ హెడ్డునీ లోపలినుంచి తినేస్తుంది, పైపుల్లో చవుడు కడుతుంది. వేసవిలో బండి వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయిందంటే మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. కూలెంటుని డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి. బండి కడగడానికీ ఉప్పు బోరు కన్నా కాలవ నీళ్ళు నయం, బకెట్లతో తోడి తెచ్చుకున్నా సరే. సముద్రం ఒడ్డుకి వెళ్ళొచ్చిన మర్నాడు అడుగు కడిగించడానికయ్యే చిన్న ఖర్చు వృథా కాదు.

నిలబెట్టి ఉంచడం ఇంకా పెద్ద సమస్య. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, వాళ్ళొచ్చినప్పుడే కారు బయటికి తీసే ఇళ్ళు ఈ జిల్లాల్లో ఎన్నో. వానాకాలంలో హ్యాండ్ బ్రేకు వేసి నెల రోజులు వదిలేస్తే వెనక డ్రమ్ముల్లో బ్రేకు షూలు తుప్పుతో అతుక్కుపోతాయి. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయడం పాతకాలపు పద్ధతే అయినా ఇప్పటికీ సరైనదే. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్చాలి. ఇప్పుడు పెట్రోలుకీ ఈ గుణం వచ్చింది. బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. ఇథనాల్ కూడా తేమని లాగుతుంది. సగం ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలబడితే ట్యాంకులో నీరు చేరి అడుక్కి దిగుతుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో విడిభాగాలు ఈ20కి తగినట్టు ఉంటాయి. అంతకుముందు వాటిలో ఫ్యూయల్ పైపులు, రబ్బరు సీళ్ళు ఏడాదికోసారి చూపించుకోవాలి. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి మూడోవంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం, దానికి మెకానిక్‌ని తిట్టుకోనక్కర్లేదు. వారానికోసారి ఓ పాతిక కిలోమీటర్లు నడిపితే బ్యాటరీ, బ్రేకులు, ఏసీ, పెట్రోలు అన్నింటికీ మంచిది.

కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ళవైపు వస్తాయి. బానెట్ కింద వెచ్చగా ఉంటుంది, వైర్లు కొరుకుతాయి. ఒక సెన్సర్ వైరు తెగితే చాలు, బండి స్టార్టవదు. రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచడం, ఇంజిన్ పక్కన పొగాకు కాడలు కట్టడం చాలామంది చేస్తారు. కింద ఖాళీలకి జాలీ బిగించడం వాటికన్నా గట్టి పద్ధతి. ఇక కొబ్బరి చెట్టు కింద పార్కింగ్ గురించి కోనసీమవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

వీటన్నిటికీ తెలిసిన మెకానిక్ ఒకడుండాలి. ప్రతిసారీ ఒక షెడ్డు మార్చేవాడికి పాత కారు కలిసిరాదు. ఒకే మనిషి అయిదేళ్ళు చూస్తే ఏ బుష్ ఎప్పుడు వేశాడో అతనికే గుర్తుంటుంది, ఇప్పుడు చేయించాల్సిన పనేదో, ఆగొచ్చిన పనేదో చెబుతాడు. అందుకే అతను బాగా ఎరిగిన బండినే కొనాలి. మారుతి, హ్యుందాయ్ సామాన్లు భీమవరంలోనో రాజమండ్రిలోనో అదే రోజు దొరుకుతాయి. 2017లో దేశంలో అమ్మకాలు ఆపేసిన షెవ్రొలే బండి లక్షకే వస్తుందని తీసుకుంటే సామాను కోసం విజయవాడ ఆటోనగర్ దాకా వెతుక్కోవాలి, బండి షెడ్డులోనే ఉండిపోతుంది. పదివేల కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్ళకి డీజిల్ కన్నా పెట్రోలే నయం.

కాగితాలు

పేరు మార్పు విషయంలో మొహమాటం పనికిరాదు. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో, కొన్నవాళ్ళు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలని చట్టం. పేరు మారకపోతే ప్రమాదంలో పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి అమ్మేవాళ్ళకే ఎక్కువ ప్రమాదం. పాత ఫైనాన్స్ క్లియరయిందా, చలాన్లు పెండింగ్ ఉన్నాయా అన్నవి డబ్బు ఇవ్వకముందే ఆన్‌లైన్లో చూసుకోవాలి. బీమాలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషిది, బండిది కాదు. కొన్నవాళ్ళకి అది రాదు. నీళ్ళు నిండిన రోడ్డు మీద ఇంజిన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చెయ్యకూడదు. లోపలికి నీళ్ళు లాక్కుని ఇంజిన్ దెబ్బతింటే మామూలు పాలసీల్లో ఆ నష్టానికి డబ్బు సాధారణంగా రాదు, పాత బండ్లకి ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు దొరకడమూ కష్టం.

ఒక్క విషయంలో మాత్రం డబ్బు లెక్క పక్కన పెట్టాలి. కాలవ గట్ల మీది ఇరుకు రోడ్లలో బండి అదుపు తప్పితే నేరుగా నీళ్ళలోకే. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ అదే ఏడాది జూలై నుంచి అన్ని కొత్త కార్లకీ తప్పనిసరి అయ్యాయి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2022 నుంచి తప్పనిసరి. అంతకుముందు బండి కొనేట్టయితే ఇవి ఉన్న వేరియంటే చూసుకోవాలి, ఇరవై ముప్పై వేలు ఎక్కువైనా సరే. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవరు చేతికందేచోట ఉంచాలి. నీళ్ళలో పడితే బెల్టు తీసి పక్క అద్దం వెంటనే దించాలి, దిగకపోతే ఆ అద్దాన్నే మూల మీద కొట్టాలి. ముందు అద్దం పొరల గాజు, అంత తేలిగ్గా పగలదు.

పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఫిట్‌నెస్ చూసి అయిదేళ్ళకి ఇస్తారు. కారుకి ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. అడుగు గట్టిగా ఉండి, ఆ ఏడాది రిపేర్ల ఖర్చు బండి అమ్మకపు ధరలో సగం దాటకపోతే రెన్యువల్ చేయించుకోవచ్చు. అడుగు పోయిన బండికి ఆ డబ్బు కట్టడం దండగ. దాన్ని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఉంటే తర్వాత కొత్త బండి కొన్నప్పుడు కేంద్ర విధానం ప్రకారం సొంత వాహనాలకి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చు. ఊళ్ళో పాత ఇనుము వాళ్ళకి అమ్మితే ఆ కాగితం రాదు, పైగా ఆర్‌సీ రద్దు కాకుండా బండి మన పేరు మీదే ఉండిపోతుంది.